ఒకటో తరగతి లెక్కలు – ఒక మాస్టారి అనుభవం

మన యూనియన్ వార్షిక సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం మిత్రులు అడిగినప్పుడు నిజానికి నాకు కొంచెం బెరుకు కలిగింది. సంచికలో కవితలుంటాయి, కథలుంటాయి, అణుశక్తి గురించీ ఆర్థిక ప్రణాళికల గురించీ పెద్ద పెద్ద వ్యాసాలుంటాయి. వాటి మధ్య, ఒకటో తరగతి పిల్లలతో ఒకట్లూ రెండ్లూ చెప్పించుకునే నేను ఏం రాయను? ఆ మాటే అన్నాను. "అదే రాయండి మాస్టారూ" అన్నారు. కనుక అదే రాస్తున్నాను.

ఈ కళాశాలలోనే నేను గణితశాస్త్రంలో ఎం.ఎస్‌సి. పూర్తి చేశాను. సమూహాలు, వలయాలు, క్షేత్రాలు అన్నీ చదివి, పరీక్షలో మంచి మార్కులే తెచ్చుకున్నాను. ఆ తరువాత ఉపాధ్యాయ శిక్షణ కూడా పొంది, తిరువూరు దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో చేరాను. తిరువూరు ఎరుగని మిత్రుల కోసం ఒక మాట. విజయవాడ నుంచి మైలవరం మీదుగా భద్రాచలం వైపు పోయే రోడ్డు మీద, తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా వున్న వూరది. ఒకప్పుడు కృష్ణా జిల్లా, 2022 నుంచి ఎన్.టి.ఆర్. జిల్లా. చుట్టూ మామిడి తోటలు. ఎండాకాలం వచ్చిందంటే బంగినపల్లి, రసాలు, కలెక్టరు కాయలు రోడ్డు పక్కన గుట్టలు పోసి అమ్ముతుంటారు. ఈ మామిడికాయల సంగతి ముందు ముందు అవసరపడుతుంది గనుక ఇప్పుడే చెబుతున్నాను.

బడిలో చేరిన మొదటి వారంలోనే నా ఎం.ఎస్‌సి. పరువు పోయింది. ఎలాగంటారా?

ఏడు సుద్దముక్కలు

ఒకటో తరగతిలోకి వెళ్ళి "నూరు దాకా అంకెలు ఎవరికి వచ్చురా?" అని అడిగాను. మూడో వరుసలోంచి ఒక చిన్న పిల్ల లేచి నిలబడి, చేతులు కట్టుకుని, ఎక్కడా తడుముకోకుండా ఒకటి నుంచి నూరు దాకా గడగడా చెప్పేసింది. నాకు చాలా సంతోషం వేసింది. "శభాష్! ఆ బల్ల మీద సుద్దముక్కలున్నాయి. ఏడు పట్రా అమ్మా" అన్నాను.

ఆ పిల్ల వెళ్ళి గుప్పెట్లో పట్టినన్ని తెచ్చింది. "ఎన్ని తెచ్చావో లెక్కపెట్టు" అన్నాను. నోరు ఒక వేగంతో పోతోంది, వేలు ఒక వేగంతో పోతోంది. తెచ్చినవి తొమ్మిది. నోరు పన్నెండు దగ్గర ఆగింది. "అయితే ఎన్ని వున్నాయి?" అన్నాను. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. "సరే, ఎన్ని?" అంటే మళ్ళీ ఒకటి, రెండు, మూడు... తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వి వూరుకున్నా బాగుండేది. "నోటికొచ్చింది గానీ బుర్రకెక్కలేదు" అని అందరిముందూ అన్నాను.

మర్నాటి నుంచి ఆ పిల్ల లెక్కల గంటలో నోరు తెరవలేదు. నాలుగైదు రోజుల తరువాత వాళ్ళ నాయనమ్మ బడికి వచ్చింది. బజార్లో పూలు అమ్ముకునే మనిషి. తట్ట గుమ్మం పక్కన దించి, "అయ్యా, మా పిల్ల అన్నం తినేటప్పుడు కూడా అంకెలు చదివేదండి. ఇప్పుడడిగితే, నాకు లెక్కలు రావు నాయనమ్మా అంటందండి. దానికి ఆరేళ్ళు. ఆరేళ్ళకే రాకుండా పోతాయాండీ లెక్కలు?" అని అడిగింది.

"పోవమ్మా, వస్తాయి. తప్పు నాదే" అన్నాను గానీ, ఎలా వస్తాయో ఆ రోజున నాకూ తెలియదు. ఎం.ఎస్‌సి.లో ఎవరూ చెప్పలేదు. శిక్షణలో చెప్పారేమో, పరీక్ష కోసం చదివి మరిచిపోయాను. ఆ ముసలమ్మ ప్రశ్నకు సమాధానం వెతుక్కుంటూ నేను చదివినదీ, చూసినదీ, చేసినదీ ఈ వ్యాసం.

లెక్కపెట్టడం ఒక పని కాదు, ఐదు పనులు

మనకు లెక్కపెట్టడం వచ్చేసింది గనుక అది ఒకే పని అనుకుంటాం. అమెరికాలో రోషెల్ గెల్‌మన్, గాలిస్టెల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1978లో వెలువరించిన గ్రంథంలో దీన్ని ఐదు సూత్రాలుగా విడదీసి చూపించారు. మన బడి భాషలో చెప్పుకుంటే అవి ఇవి.

మొదటిది, వరుస. ఒకటి తరువాత రెండు, రెండు తరువాత మూడు, ఎప్పుడు చెప్పినా అదే వరుస. రెండోది, ఒక వస్తువుకు ఒకే మాట. ఏ వస్తువునూ వదలకూడదు, దేన్నీ రెండుసార్లు ముట్టుకోకూడదు. మూడోది, చివరి మాటే మొత్తం. "ఏడు" దగ్గర ఆగితే, ఆ ఏడు అనేది చివరి సుద్దముక్క పేరు కాదు, గుంపు మొత్తానికి లెక్క. నాలుగోది, దేన్నైనా లెక్కపెట్టవచ్చు. చింతగింజలనే కాదు, చప్పట్లనూ, గంట మోగిన చప్పుళ్ళనూ, రాని మనుషులనూ కూడా. ఐదోది, ఎటునుంచి లెక్కపెట్టినా మొత్తం మారదు.

ఇప్పుడు ఆ పిల్ల సంగతి ఆలోచించండి. ఐదింటిలో మొదటిది ఆమెకు పూర్తిగా వచ్చు. అది చిన్న విషయం కాదు. నూరు మాటల వరుసను ఆరేళ్ళ పిల్ల గుర్తుపెట్టుకున్నది. రెండోది, మూడోది ఇంకా కుదరలేదు. అంతే. "బుర్రకెక్కలేదు" అనడం ఎంత అన్యాయం! ఐదు మెట్లలో ఒకటి ఎక్కి నిలబడిన పిల్లను చూసి మెట్లెక్కడం రాదన్నట్టు.

"ఎన్ని?" అన్నప్పుడల్లా ఆ పిల్ల మళ్ళీ మొదటికి ఎందుకు పోయింది? ఇది నాకు తరువాత అర్థమైంది. ఆమె దృష్టిలో "ఎన్ని?" అనేది ప్రశ్న కాదు, "లెక్కపెట్టు" అనే ఆజ్ఞ. నేను మూడుసార్లు ఆజ్ఞాపించాను, ఆమె మూడుసార్లు పాటించింది!

మనం అడిగే తీరును బట్టి పిల్లల జవాబు మారుతుందనేదానికి మంచి ఉదాహరణ ఒకటుంది. స్విట్జర్లాండుకు చెందిన పియాజే పేరు బి.ఇడి. మిత్రులందరికీ తెలుసు. రెండు వరుసల్లో సమానంగా బిళ్ళలు పేర్చి, పిల్లవాడి ఎదుటే ఒక వరుసను ఎడంగా జరిపితే, ఐదేళ్ళ పిల్లలు చాలామంది "పొడుగు వరుసలోనే ఎక్కువున్నాయి" అంటారని ఆయన చూపించాడు. 1970ల మధ్యలో బ్రిటనులో మెక్‌గారిగల్, డొనాల్డ్‌సన్ అనేవారు అదే పరీక్షను చిన్న మార్పుతో చేశారు. బిళ్ళలను మాస్టారు కాకుండా ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మ వచ్చి చెదరగొట్టినట్టు ఆడించారు. అప్పుడు సరిగ్గా చెప్పిన పిల్లలు చాలా ఎక్కువయ్యారు. పెద్దాయన పనిగట్టుకుని జరిపి మళ్ళీ అడిగాడంటే ఏదో మారే వుంటుందని పిల్లలు అనుకుంటారన్నమాట. తెలివి తక్కువై కాదు, మర్యాద ఎక్కువై తప్పు చెబుతారు.

అందుచేత నేను చేసిన మొదటి మార్పు ఇది: నూరు దాకా చెప్పించడం తగ్గించి, పది లోపలే చేతిపని పెట్టాను. మధ్యాహ్న భోజనం వేళ "మీ వరుసకు ఎంతమంది వున్నారో చూసి, అన్ని పళ్ళాలు తీసుకురా" అనడం. ఒకటి తక్కువైతే ఒకరికి పళ్ళెం వుండదు, ఒకటి ఎక్కువైతే మిగిలిపోతుంది. తప్పు నేను చెప్పనక్కరలేదు, పళ్ళెమే చెబుతుంది. లెక్కపెట్టిన వస్తువును పక్కకు జరపమనడం కూడా నేర్పాను. జరిపితే వేలూ నోరూ ఒక్క వేగానికి వస్తాయి.

మన తెలుగు అంకెలు

పిల్లలకు అంకెలు నేర్పేటప్పుడు భాష చేసే మేలూ కీడూ రెండూ వున్నాయి. పదకొండో శతాబ్దం వాడని చెప్పే పావులూరి మల్లన, మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అంటే లెక్కలు మన మాటల్లో చెప్పుకోవడం ఈనాటిది కాదు.

పదకొండులో పది వినిపిస్తుంది, పన్నెండులో రెండు తొంగిచూస్తుంది. పదమూడు, పద్నాలుగు అయితే దాపరికమే లేదు. ముందు పది, తరువాత మిగిలినది. ఇరవై ఒకటి నుంచి తొంభై తొమ్మిది దాకా కూడా అదే పద్ధతి. ముప్పైలో మూడు, నలభైలో నాలుగు, ఎనభైలో ఎనిమిది చెవి పెట్టి వింటే వినిపిస్తాయి. డెబ్బైలో ఏడు మాత్రం కాస్త దాక్కుంది. ఇంగ్లీషులో ఎలెవన్, ట్వెల్వ్ అంటే పది ఎక్కడుందో పిల్లవాడికి తెలియదు. థర్టీన్‌లో మూడు ముందు, పది వెనక. ఫోర్టీన్‌కీ ఫార్టీకీ చెవికి వున్న తేడా ఎంత? "పది ఒకటి, పది రెండు" అని సూటిగా చెప్పుకునే చైనా పిల్లలు, పది నుంచి ఇరవై మధ్య లెక్కపెట్టడంలో అమెరికా పిల్లల కంటే తక్కువ తడబడతారని పోల్చి చూసినవారు కనుగొన్నారు.

మా బడి పుస్తకంలో ఇప్పుడు ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. ఇంగ్లీషు వద్దని నేననను. తల్లిదండ్రులు కోరుకుంటున్నారు, కారణాలూ వున్నాయి. కానీ అంకెలో పది ఎక్కడుందో ముందు తెలుగులో విప్పి చూపించి, ఆ తరువాత ఇంగ్లీషు పేరు పెడితే పిల్లవాడికి ఒక కష్టం తగ్గుతుంది.

తెలుగులో చిక్కులూ లేకపోలేదు. మూడు పిల్లులు అంటాం గానీ మూడు పిల్లలు అనం, ముగ్గురు పిల్లలు అంటాం. రెండు, ఇద్దరు, నాలుగు, నలుగురు. మనుషులకు ఒక లెక్క, తక్కిన వాటికి ఒక లెక్క! ముగ్గురూ మూడూ ఒకటేనని ఒక పిల్లవాడికి తట్టిన రోజున నేను పైన చెప్పిన నాలుగో సూత్రం వాడికి వచ్చినట్టే. ముగ్గురు పిల్లల్ని నిలబెట్టి, ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క గింజ పెట్టి, ఆ గింజలు లెక్కించమంటాను. అంతకంటే బోధన అక్కరలేదు.

ఇరవై మూడు, 203

రెండో తరగతిలో "ఇరవై మూడు రాయి" అంటే కొందరు 203 అని రాస్తారు. "నూట ఐదు" అంటే 1005. మనం ఎర్ర సిరాతో కొట్టేస్తాం. కాస్త ఆగి చూస్తే ఆ తప్పులో ఎంత న్యాయం వుంది! ఇరవై అంటే 20 అని వాడికి తెలుసు, మూడు అంటే 3 అని తెలుసు. విన్నది విన్నట్టు పక్కపక్కన రాశాడు. వాడికి తెలియనిదల్లా ఒక్కటే: స్థానం. రెండు అనే గుర్తు ఎడమవైపుకు జరిగితే రెండు పదులవుతుందనే ఏర్పాటు మనుషులు కనిపెట్టడానికే చాలా కాలం పట్టింది. ఏడేళ్ళవాడు ఒక్క రోజులో పట్టుకోలేదని కోప్పడితే ఎలా?

ఇందుకు నేను వాడే సామగ్రికి పైసా ఖర్చు లేదు. చీపురు పుల్లలు. పిల్లల చేతనే పది పుల్లలు లెక్కించి రబ్బరు బ్యాండు వేయిస్తాను. అది ఒక కట్ట. ఇరవై మూడంటే రెండు కట్టలు, మూడు విడి పుల్లలు. ఈ కట్టలు మాస్టారు ముందే కట్టి తెస్తే లాభం లేదు. పిల్లవాడు తన చేత్తో కట్టి, విప్పి, మళ్ళీ కడితేనే ఒక కట్టలో పది పుల్లలున్నాయనే నమ్మకం కుదురుతుంది.

పుల్లల తరువాత అట్టముక్కలు. 20 అని రాసిన పొడుగు ముక్క ఒకటి, 3 అని రాసిన పొట్టి ముక్క ఒకటి. పొట్టిదాన్ని తెచ్చి 20లోని సున్న మీద కప్పితే 23 కనిపిస్తుంది. ఎత్తి చూస్తే సున్న కిందనే వుంటుంది. "ఇరవై ఎక్కడికీ పోలేదు మాస్టారూ, కింద దాక్కుంది" అన్నాడొకడు. స్థానవిలువ గురించి ఇంతకంటే మంచి నిర్వచనం నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. ఈ అట్టముక్కలు నా తెలివి కాదు. మాంటిస్సోరీ పద్ధతిలోవి. ఆ మహాతల్లి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా మన దేశంలోనే వుండి ఎందరో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది.

23కి 9 కలపమంటే 212 అని రాసే పిల్లలు కూడా ఈ పుల్లలతోనే దారికి వస్తారు. మూడూ తొమ్మిదీ కలిపితే పన్నెండు విడి పుల్లలు. పది పోగుపడితే బ్యాండు వెయ్యాలి కదా? వేస్తే మూడు కట్టలు, రెండు విడి పుల్లలు. "ఒకటి పైకి" అని మంత్రంలా చెప్పే ఆ ఒకటి, నిజంగా ఒక కట్టేనని అప్పుడు తెలుస్తుంది.

మామిడికాయల కుర్రవాడు

ఇక నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన విషయానికి వస్తాను. మా బడిలో నాలుగో తరగతి పిల్లవాడొకడు లెక్కల్లో ఎప్పుడూ సున్నలే. ఒక ఆదివారం సాయంత్రం రోడ్డు పక్కన వాళ్ళ నాన్న మామిడికాయల బండి దగ్గర వాడొక్కడే కూర్చుని వున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కిలో నలభై ఐదు. మూడు కిలోలు తూయించుకుని రెండు వందల నోటు ఇచ్చాను. వాడు ఒక్క క్షణం ఆగలేదు. "నూట ముప్పై ఐదండి" అన్నాడు. ఒక ఐదు నా చేతిలో పెట్టి "నూట నలభై" అన్నాడు. ఒక యాభై, ఒక పది పెట్టి "రెండొందలు" అన్నాడు. అరవై ఐదు రూపాయలు. పైసా తేడా లేదు.

సోమవారం నాడు పలక మీద అదే లెక్క వేశాను. 200లోంచి 135 తీసివెయ్యి. వాడు చాలాసేపు కుస్తీపట్టి రాసిన జవాబు 135. ఎలా వచ్చిందంటారా? ప్రతి స్థానంలోనూ పెద్దదానిలోంచి చిన్నది తీసేశాడు. ఐదులోంచి సున్న తీస్తే ఐదు, మూడులోంచి సున్న తీస్తే మూడు, రెండులోంచి ఒకటి తీస్తే ఒకటి.

"ఒరే, నిన్న నేను రెండొందలిస్తే నూట ముప్పై ఐదు కాయలకు తీసుకుని, మళ్ళీ నూట ముప్పై ఐదు చిల్లర ఇస్తావా?" అన్నాను.

వాడు నవ్వాడు. "అదెట్టా అవుద్దండీ? అరవై ఐదే గదా."

"మరి పలక మీద?"

"అది బళ్ళో లెక్కండీ."

ఈ మాట నాకు ఎంత తగిలిందో చెప్పలేను. వాడి దృష్టిలో బండి దగ్గర లెక్క వేరు, బళ్ళో లెక్క వేరు. రెండింటికీ చుట్టరికం లేదు. ఒకదానిలో జవాబుకు అర్థం వుండాలి, రెండోదానిలో అక్కరలేదు!

ఇది తిరువూరు వింత కాదు. బ్రెజిల్‌లో రెసీఫే నగరంలో వీధుల్లో సరుకులమ్మే ఐదుగురు పిల్లలను పరిశీలించి నునెస్, కరాయెర్, ష్లీమన్ అనే పరిశోధకులు 1985లో ఒక వ్యాసం ప్రకటించారు. బేరం చేస్తూ అడిగిన లెక్కల్లో ఆ పిల్లలు నూటికి 98 సరిగ్గా చేశారు. అవే లెక్కలు కాగితం మీద ఉత్త అంకెలుగా ఇస్తే నూటికి 37 మాత్రమే చేయగలిగారు. మన దేశంలోనే కలకత్తా, ఢిల్లీ సంతల్లో పనిచేసే పిల్లల మీద జరిగిన పెద్ద పరిశీలన ఒకటి 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. నోబెల్ బహుమతి గ్రహీతలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో అందులో వున్నారు. సంతలో లెక్క తప్పని పిల్లలు బడి లెక్కలో తడబడ్డారు. అంతేకాదు, బడి లెక్క వచ్చిన పిల్లలు సంత లెక్కలో తడబడ్డారు! కనుక లోపం పిల్లలది కాదు. రెండు వొడ్లూ వున్నాయి, మధ్య వంతెన లేదు.

మరి వంతెన ఎలా వెయ్యాలి? నేను చేసింది చెబుతాను. అట్టలతో నోట్లు చేశాం: వందలు, పదులు, ఒకట్లు. రెండు వందల నోట్లు వాడి చేతికిచ్చి "నూట ముప్పై ఐదు ఇవ్వు" అన్నాను. విడి రూపాయలు లేవు. ఏం చేస్తాడు? ఒక వందను పది పదులుగా మార్చాడు. ఒక పదిని పది ఒకట్లుగా మార్చాడు. మార్చిన ప్రతిసారీ, మార్చింది ఎక్కడ రాయాలో పలక మీద పక్కనే రాయించాను. చేతిలో ఒక వంద, తొమ్మిది పదులు, పది ఒకట్లు. పలక మీదా అవే. తీసేస్తే ఆరు పదులు, ఐదు ఒకట్లు. వాడు పలక వంకా చేతి వంకా రెండు మూడుసార్లు చూసి, "ఇది బండి లెక్కేనండీ!" అన్నాడు.

ఇందులో మన వాడుక మాట ఒకటి అడ్డం పడుతున్నదని కూడా నాకు అప్పుడే తెలిసింది. "పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో" అని మనమంతా నేర్చుకున్నాం. అప్పు తెస్తే తీర్చాలి కదా? ఎప్పుడు తీరుస్తాం? బండి దగ్గర పెరిగిన పిల్లవాడికి అప్పంటే ఏమిటో మనకంటే బాగా తెలుసు. జరుగుతున్నది అప్పు కాదు, చిల్లర మార్చడం. మా తరగతిలో ఆ మాటే వాడుతున్నాం.

ఆటలు చాలవా?

"ఈ గొడవంతా ఎందుకండీ, ఆటలాడిస్తే అవే వస్తాయి" అనే మిత్రులున్నారు. ఆటల గొప్పతనం నేను కాదనను. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు వేసి, ఎన్ని వెల్లకిలా పడ్డాయో పిల్లలు లెక్కపెట్టకుండానే చూసి చెప్పేస్తారు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, అన్నీ బోర్లాపడితే అష్టా, అంటే ఎనిమిది. కాయను గడి గడికీ జరపడంలో ఒక మాటకు ఒక గడి అనే నియమం దానంతటదే అలవాటవుతుంది. వామనగుంటల్లో చింతగింజలు ఒక్కొక్క గుంటకు ఒక్కొక్కటి పంచడమూ అంతే.

కానీ ఇక్కడ ఒక హెచ్చరిక వుంది. ఢిల్లీలో 214 పూర్వ ప్రాథమిక కేంద్రాల్లో సుమారు 1,500 మంది పిల్లలకు లెక్కల ఆటలు ఆడించి చూశారు. ప్రథమ్ సంస్థ సహకారంతో జరిగిన ఆ ప్రయోగ ఫలితాలు 2017లో సైన్స్ పత్రికలో వచ్చాయి. ఏ గుంపు పెద్దది, ఏ ఆకారం వేరు అన్న చూపు పిల్లల్లో పెరిగింది, ఏడాది తరువాత కూడా నిలిచింది. అయితే ఒకటో తరగతికి వచ్చాక బడి లెక్కల్లో మాత్రం వాళ్ళు తక్కిన పిల్లల కంటే ముందుకు పోలేదు. ఆట ఒక వొడ్డునే వుండిపోయింది.

అందుకని మా తరగతిలో ఆట అయిపోగానే పలక బయటికి రావాలి. ఎవరు ఎన్ని గింజలు గెలిచారో రాయాలి, ఎవరికంటే ఎవరికి ఎన్ని ఎక్కువో రాయాలి. చేత్తో చేసింది నోటితో చెప్పాలి, నోటితో చెప్పింది పలక మీద రాయాలి, పలక మీద రాసింది మళ్ళీ చేత్తో చేసి చూపాలి. చెయ్యి, నోరు, పలక. ఈ మూడింటి మధ్యా రాకపోకలు సాగించడమే చిన్న తరగతుల్లో లెక్కల బోధన. ఏ ఒక్కటి విడిగా వున్నా అది లెక్క కాదు.

ఎక్కాల మాట

మరి ఎక్కాలు మానెయ్యాలా? వద్దు. నోటికి వచ్చిన ఎక్కం జీవితాంతం తోడుంటుంది, నాకూ వుంది. ఎక్కం తప్పు కాదు, ఎక్కంతో ఆగిపోవడం తప్పు. బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో తన జిల్లాలోని 533 బడుల గురించి ప్రభుత్వానికి నివేదిక పంపాడు. తెలుగు, కన్నడ బడులే అందులో ఎక్కువ. పిల్లలు వేలితో ఇసుకలో దిద్దడాన్నీ, పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పడాన్నీ ఆయన మెచ్చుకున్నాడు. కానీ పద్యాలు నోటికి వచ్చిన పిల్లలకు వాటి అర్థం చిలక్కి తెలిసినంతే తెలుసునని విచారించాడు. ఇది జరిగి రెండు వందల ఏళ్ళు దాటింది. నేను ఆ పిల్లను నూరు దాకా చెప్పమని "శభాష్" అన్న రోజున ఎక్కడున్నానో మీరే ఆలోచించండి.

ఏడు నాలుగుసార్లు అంటే ఎంతో పుల్లలు పేర్చి చూసిన తరువాత "నాలుగేళ్ళు ఇరవై ఎనిమిది" అని వల్లెవేస్తే ఆ ఎక్కం చిలకపలుకు కాదు. మరిచిపోతే మళ్ళీ కట్టుకోగలరు. మూడేళ్ళు ఇరవై ఒకటి గుర్తుంటే ఇంకో ఏడు కలుపుకుంటారు.

చివరిగా

మూడో తరగతి పూర్తయ్యేలోగా ప్రతి పిల్లకూ చదవడం, రాయడం, ప్రాథమిక గణితం రావాలనే లక్ష్యంతో కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో నిపుణ్ భారత్ కార్యక్రమం మొదలుపెట్టింది. 2026–27ను గడువుగా పెట్టుకున్నది. మూడో తరగతే ఎందుకంటే, ఆ తరువాత పాఠ్యపుస్తకం ఎవరికోసమూ ఆగదు. పదులూ ఒకట్లూ తెలియని పిల్ల ముందుకు భిన్నాలు వచ్చేస్తాయి. అక్కడ మొదలయ్యే "నాకు లెక్కలు రావు" అనే మాట పదో తరగతి దాకా, కొందరికి పెళ్ళీడు దాకా వెంట వస్తుంది. మన కాలేజీలోనే లెక్కలంటే భయపడి ఇతర గ్రూపులకు పోయిన మిత్రులు ఎందరో వున్నారు. వాళ్ళలో ఎందరి ముందు ఏ మాస్టారు నవ్వాడో?

విద్యార్థి మిత్రులకు నా మనవి ఒక్కటే. సెలవులకు ఇళ్ళకు వెళ్ళినప్పుడు, మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఆరేడేళ్ళ పిల్ల వుంటే నూరు దాకా చెప్పమని అడగకండి. ఏడు చింతగింజలు తెమ్మని అడగండి. తప్పు తెస్తే నవ్వకండి. ఎలా లెక్కపెట్టిందో చూడండి. రేపు మీలో కొందరు ఉపాధ్యాయులవుతారు, అందరూ తల్లిదండ్రులో మేనమామలో పిన్నులో అవుతారు. ఆ పరిశీలన వృథా పోదు.

ఆ పిల్ల సంగతి చెప్పకుండా ముగిస్తే బాగుండదు. ఆమె మళ్ళీ లెక్కల గంటలో నోరు విప్పడానికి నాలుగు నెలలు పట్టింది. పళ్ళాలు పంచింది, గింజలు జరిపింది, అన్నీ చేసింది గానీ నేను అడిగితే మాత్రం జవాబు చెప్పేది కాదు. నేనూ బలవంతపెట్టలేదు. ఒక రోజు నల్లబల్ల మీద రాస్తుంటే సుద్దముక్క విరిగిపోయింది. ఎవరినీ వుద్దేశించకుండా "సుద్దముక్కలు కావాలే" అన్నాను. మూడో వరుసలోంచి "ఎన్ని కావాలి మాస్టారూ?" అని వినిపించింది.

"ఏడు" అన్నాను.

ఒక్కొక్కటే బల్ల మీద పక్కకు జరిపి, తీసుకొచ్చి నా చేతిలో పోసి, "ఏడు" అంది. నేను మళ్ళీ లెక్కపెట్టలేదు.